బయట పెట్టిన గడియ

పోయిన వారం గొంతక్కను స్టూడియో గేటు లోపల నిలబెట్టి వదిలేశాం. ఆదివారం మధ్యాహ్నం. పనివాళ్ళెవరూ లేరు. తెల్లబట్టల మనిషొకడు ఆమెను లోపలికి రానిచ్చి, గేటుకి తాళం వేసి, చెయ్యి చాచి ఫోను అడిగాడు. ఆమె ఇచ్చేసింది. ఇవ్వకుండా, తాళం తియ్యమని వెనక్కి తిరిగి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. వెళ్ళొద్దని మొగుడు పొద్దున్నే చెప్పాడు. మొగుడి మాట వినే అలవాటు ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే పోయింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు రెండు ముక్కలు. గొంతక్క సినిమాల్లో కనపడదు, వినపడుతుంది. పెద్ద హీరోయిన్ ఒకతె తెరమీద నవ్వినా, ఏడ్చినా, విలన్ని తిట్టినా ఆ గొంతు ఈవిడది. హీరోయిన్‌కి భాష రాదు. చిన్నపిల్లగా ఎక్కడినుంచో వచ్చింది. కెమెరా ముందు నిలబెట్టి అంకెలు లెక్కపెట్టమన్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ కన్నీళ్ళు కార్చేది. ఆ అంకెల మీద గొంతక్క మాటలు పరిచేది. జనం ఆ మాటలకు ఏడ్చి, బయటికొచ్చి హీరోయిన్‌కి దండలు వేసేవాళ్ళు. గొంతక్కకు ఎవరూ ఏమీ వెయ్యలేదు.

ఒకే ఒక్కసారి హీరోయిన్ అంకెలు మానేసింది. తలుపు సీను అది. అత్తింటివాళ్ళు కోడల్ని మేడమీది గదిలో పెట్టి గడియ వేస్తారు. తలుపు సందులోంచి ఆమె పనిమనిషితో మాట్లాడాలి. ఆ డైలాగు నేనే చెబుతానని హీరోయిన్ పట్టుబట్టింది. గొంతక్క మేకప్ గదిలో కూర్చుని అక్షరం అక్షరం నేర్పింది. నోరు ఎక్కడ తెరవాలో, ఎక్కడ మూయాలో, ఎక్కడ ఊపిరి పీల్చాలో. సెట్‌లో ఆ పిల్ల ఒక్క తప్పు లేకుండా చెప్పింది. లైట్లు పట్టుకునేవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. సినిమా విడుదలయ్యేసరికి దాని మీద కూడా గొంతక్క గొంతే ఉంది. యాస బాగాలేదన్నారు. బహుమతి ఆ సీనుకే వచ్చింది. హీరోయిన్ స్టేజి ఎక్కి తీసుకుంది. దిగి, అక్క ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది.

"నాది ఒక్క ముక్క కూడా ఉంచలేదక్కా," అంది.

అది జరిగిన కొద్దిరోజులకే ఆమె సొంత అన్న ఆమెను గురువు దగ్గరికి తీసుకెళ్ళాడు.

గురువు పేరు మౌనస్వామి. రెండు పూటలా మైకు ముందు కూర్చుని మౌనం గురించి మాట్లాడతాడు. ఆయన హీరోయిన్‌తో అన్న మాట ఇది: "నీ గొంతు నీది కాదని ఏడుస్తున్నావు. ఎవరి గొంతూ ఎవరిదీ కాదమ్మా. నీది అంటూ ఉన్నది మౌనం ఒక్కటే. దాని మీద ఎవరూ ఇంకో గొంతు పెట్టలేరు."

ఆ మాట ఆ పిల్లకు దాహంలో నీళ్ళలా తగిలింది. అబద్ధం చెప్పకూడదు, ఆమె బాగుపడింది. కారవాన్‌లో అద్దం తీయించేసి ఆ చోట స్వామి పాదుకలు పెట్టుకుంది. షాట్‌కీ షాట్‌కీ మధ్య గొడుగు కింద కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆశ్రమంలో గిన్నెలు తోమేది, ఫోటోలవాళ్ళను వెంట తీసుకెళ్ళేది కాదు. ఆ ముఖంలో సుఖం గొంతక్క దగ్గరుండి చూసింది. అది నటన అయితే ఆమెకు తెలియకపోదు. ఆ ముఖానికి నటన ఎక్కడ మొదలవుతుందో ఆమెకంటే ఎరిగినవాళ్ళు లేరు.

తర్వాత హీరోయిన్ పూర్తిగా మౌనం పట్టింది. సినిమాలు మానేసింది. ఆశ్రమం గోడ దాటి బయటికి రావడం మానేసింది. ఇప్పుడు ఆమె అభిమానులకు ఒక సందేశం ఇస్తుందట. పెదవులు కదిపి వీడియో తీశారు. దానికి గొంతు కావాలి.

*

డబ్బింగ్ గది చిన్నది. గోడలకు మెత్తటి గుడ్డ. ఎదురుగా తెర, పక్కన పెద్ద అద్దం. అద్దం అవతల గదిలో మిషన్ల ముందు సౌండ్ ఇంజనీరు కూర్చుంటాడు. ఆయన ఎవరో కాదు, గొంతక్కకు స్వయానా మరిది. ఇవాళ ఆయన పక్క కుర్చీలో హీరోయిన్ అన్న కూర్చున్నాడు. బటన్ నొక్కి మాట్లాడితే వాళ్ళ మాట ఈమె హెడ్‌ఫోన్స్‌లో పడుతుంది. ఈమె మాట మైకులోంచి వాళ్ళ స్పీకర్లలో పడుతుంది. బటన్ వదిలేస్తే అవతల బాంబు పడ్డా ఇవతలికి వినపడదు.

తలుపుకి జానెడు మందం ఉంటుంది. బయట పెద్ద ఇనప పిడి. కిందికి దించితే బిగుసుకుపోతుంది, లోపలి పిడి కూడా దాంతో పాటే దిగుతుంది. ఇక బయటివాళ్ళు ఎత్తితేనే లేస్తుంది.

"వదినా, రోజూలాగే నిన్ను సీసాలో పెట్టి మూత బిగిస్తున్నా," అన్నాడు మరిది, పిడి మీద చెయ్యేసి.

"ఇవాళ బిగించకు. ఊరికే దగ్గరికి వేసి వదిలెయ్. ఊపిరాడట్లేదు."

"బయట చప్పుడు పడుతుంది."

"ఆదివారం పూట చప్పుడు చెయ్యడానికి నువ్వూ నేనూ తప్ప ఎవరున్నారిక్కడ?"

"ఏంటి, పొద్దున్నే మా అన్నయ్యతో యుద్ధం చేసొచ్చావా?"

"మీ అన్నయ్యతోనా! గోడతో పోట్లాడినా నయం. కనీసం తిరిగి మోగుతుంది."

మరిది నవ్వుకుంటూ పోయాడు. పిడి దించలేదు. నవ్వు మాత్రం సరిగ్గా లేదని గొంతక్కకు అనిపించింది. నవ్వులో ఊపిరి ఎక్కడ తెగుతుందో పట్టుకోవడం ఆమె పని. ఇతనిది ముందే తెగిపోయింది.

తెర వెలిగింది. హీరోయిన్ తెల్లచీరలో కూర్చుని ఉంది. చిక్కిపోయింది. ఆమె భుజం మీద ఒక చెయ్యి ఉంది. చెయ్యి వరకే కనిపిస్తుంది, మనిషి కనిపించడు. శుభ్రమైన గోళ్ళు. ఎవరి చెయ్యో అడగనక్కర్లేదు.

"కొత్తగా ఏం లేదక్కగారూ," అన్నాడు అన్న హెడ్‌ఫోన్స్‌లో. అతనికి భాష తొందరగానే వచ్చింది. చెల్లెలి డేట్లు చూసుకునేవాడికి రాక తప్పదు. "మౌనం కదా, శబ్దం చెయ్యకూడదు. అలవాటు ప్రకారం అంకెలు లెక్కపెట్టేసింది. మీరు నింపెయ్యండి. నేను ముందు చదువుతా, మీరు పలకండి."

తెరమీద వీడియో మొదటి ముక్క పడింది. ఒకటి, రెండు, మూడు. నిజంగానే అంకెలే. గొంతక్క వాటిని చూడనే లేదు. ఇన్నేళ్ళలో ఆమె కళ్ళు ఒకటే నేర్చుకున్నాయి: నోరు ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు మూసుకుంది. లోపల ఏముందో చూసేవాళ్ళు ఈ పని చెయ్యలేరు.

"నా అభిమానులందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ మీరు తెరమీద చూసింది ఒక నీడని."

"ఓకే," అన్నాడు మరిది.

"నన్ను ఎవరూ బలవంతం చెయ్యలేదు. నా ఇష్టంతోనే నేను గురువుగారి పాదాల దగ్గర ఉండిపోతున్నాను."

"ఓకే. వదినా, 'ఇష్టంతోనే' అన్నచోట కొంచెం తడి పెడతావా?"

పెట్టింది. అడిగితే పెట్టడం ఆమెకు వచ్చు. ఆ మాట మీద సన్నటి వణుకు తెచ్చి, దాన్ని సంతోషంలోకి దించింది. పెదవి అతికినట్టు కలిసింది. అవతల అన్న తల ఊపాడు. ఆ క్షణంలో గొంతక్కకు తన పని మీద గర్వం కలిగింది కూడా. ఆ గర్వానికి శిక్ష ఆలస్యం కాలేదు.

మూడో ముక్క కూడా అలాగే అయిపోయింది. నాలుగో ముక్క పడింది. తెరమీద భుజం మీది చెయ్యి పైకి లేచింది. ఎవరో పక్కనుంచి పిలిచినట్టున్నారు. చెయ్యి తెరలోంచి బయటికి పోయింది.

హీరోయిన్ కళ్ళు కెమెరా వైపు తిరిగాయి. నోరు కదిలింది.

అన్న హెడ్‌ఫోన్స్‌లో చదివాడు. "రేపు తెల్లవారుజామున నేను గుహలోకి ప్రవేశిస్తున్నాను. ద్వారం మూసేస్తారు. నా కోసం ఏడవకండి. నేను మళ్ళీ రాను."

గొంతక్క పలకలేదు.

"అక్కగారూ?"

"ఇంకోసారి వెయ్యి," అంది.

మళ్ళీ వేశారు. ఆమె నోరు తెరిచింది. చెప్పాల్సిన మాట రాలేదు. నోరు తనంతట తను వేరే ఆకారాలు పోయింది. నాలుక వేరేచోటికి పోయి తగిలింది. పెదవులు వేరేచోట మూసుకున్నాయి. ఏళ్ళ కిందట మేకప్ గదిలో ఆ పిల్ల ముందు కూర్చుని, తన నోరు చూపించి, ఇలా తెరువు, ఇక్కడ మూయి అని చెప్పినప్పటి ఆకారాలు అవి.

అవి అంకెలు కావు.



*

భయం వేసిన మనిషి మామూలుగా ఉండటానికి ఏదో ఒకటి మాట్లాడుతుంది. గొంతక్క కూడా అదే చేసింది.

"ఏంటి బాబూ ఇది? మళ్ళీ రాను అంటే?"

"సమాధి, అక్కగారూ. యోగసమాధి. చాలా పెద్ద విషయం. ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వరు స్వామి."

"ద్వారం మూసేస్తారా?"

"రాళ్ళు పేరుస్తారు."

"మరి ఊపిరి?"

"ఆ స్థితిలో ఊపిరితో పని లేదంట."

"ఎవరు చెప్పారు? చెల్లెలు చెప్పిందా, స్వామి చెప్పాడా?"

అన్న నీళ్ళ గ్లాసు తీసుకున్నాడు, తాగకుండా పెట్టేశాడు. అతను తెర వైపు చూడటం లేదని అప్పుడు గమనించింది. మొదటినుంచీ చూడలేదు. చేతిలో కాగితం వైపే చూస్తున్నాడు.

"తింటోందా అమ్మాయి?"

"గాలే ఆహారం ఇప్పుడు."

"నువ్వు తిన్నావా?"

"ఆ... తినే వచ్చా."

"మంచి పని చేశావు నాయనా. ఇద్దరి వంతూ నువ్వే తిను."

మరిది తల ఎత్తి, ఊరుకో వదినా అన్నట్టు అద్దంలోంచి చూశాడు. ఇంకో రోజైతే ఆ మాటకు పగలబడి నవ్వేవాడు.

"గొంతు బాగాలేదు," అంది గొంతక్క. "ఈ ముక్క రేపు చెబుతా."

"రేపు తెల్లవారకముందే ఇది బయటికి రావాలి," అన్నాడు అన్న. అతని గొంతు కూడా బాగాలేదు.

అంతలో అవతలి గది తలుపు తెరుచుకుంది.

ఆమెకు చప్పుడు వినపడలేదు. కనపడింది మాత్రం చాలు. అన్న లేచి నిలబడ్డాడు. మరిది లేచాడు, కుర్చీ వెనక్కి నెట్టాడు, నేల మీద బోర్లా పడిపోయాడు. చేతులు ముందుకు చాచి, నుదురు నేలకు ఆనించి. లేచినప్పుడు చొక్కా గుండీ ఊడి, మెళ్ళో నల్లదారం బయటపడింది. దారానికి చిన్న బిళ్ళ. బిళ్ళ మీద ఫోటో.

ఒకే ఇంట్లో కింద వాటాలో ఉండే మరిది. రోజూ ఆమె చేతి కాఫీ తాగి పనికి వచ్చే మరిది. ఆ దారం ఎప్పటినుంచి ఉందో ఆమెకు తెలియదు.

మౌనస్వామి పొట్టి మనిషి. తెల్లటి బట్టలు, కొత్తగా గీసిన గడ్డం. ఎవరి వంకా చూడకుండా వచ్చి అన్న కుర్చీలో కూర్చున్నాడు. వేలితో సైగ చేస్తే అన్న కాగితం అక్కడే పెట్టి బయటికి పోయాడు. పోతూ ఒక్కసారి గొంతక్క వైపు చూశాడు. దయ చూపించలేని పిరికివాడి చూపు అది. అలాంటి చూపు వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

స్వామి బటన్ నొక్కాడు.

"నమస్కారం అమ్మా."

మెత్తటి గొంతు. హెడ్‌ఫోన్స్‌లో పడేసరికి చెవి పక్కన ఉన్నట్టు లేదు, తలలోపల ఉన్నట్టుంది. గొంతక్క చెయ్యి దానంతటదే హెడ్‌ఫోన్స్ మీదికి పోయింది. తీసేస్తే తప్పు చేసినట్టు తెలిసిపోతుంది. చెయ్యి దించేసింది.

"నమస్కారం స్వామీ."

"గొంతు బాగాలేదన్నావట."

"పొద్దుటినుంచి బొంగురుగా ఉంది స్వామీ."

"లేదు. గొంతు బాగానే ఉంది. నీకు భయంగా ఉంది."

ఆమె మైకుని కాస్త కిందికి దించుకుంది.

"భయపడాల్సిందేమీ లేదమ్మా. నేను చెబుతాను, నువ్వు పలుకు."

రికార్డింగ్ మొదలైందని చెప్పే ఎర్రలైటు వెలిగింది. ముక్క పడింది. స్వామి చదివాడు. గొంతక్క పలికింది. "రేపు తెల్లవారుజామున నేను..." ఆ పిల్ల నోరు మూసినచోట ఈమె నోరు తెరిచింది. అన్నేళ్ళ పనిలో అంత చెత్తగా ఎప్పుడూ చెప్పలేదు. కావాలని చేసిందో భయంతో జరిగిందో ఆమెకే తెలియదు.

"కలవలేదు," అన్నాడు స్వామి.

"అంకెలు లెక్కపెట్టడంలో తేడా వచ్చినట్టుంది స్వామీ. తొందరగా లెక్కపెట్టేసింది."

"అంకెలేనా?"

"అంకెలే స్వామీ. ఆ అమ్మాయికి అంతకంటే ఏమొచ్చు?"

స్వామి అద్దంలోంచి ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే ఆమెకు కాస్త ధైర్యం వచ్చేది.

"సరే. ఒకసారి ఊరికే వేస్తారు, చూసుకో. తొందరేం లేదు."

ఎర్రలైటు ఆరింది. హెడ్‌ఫోన్స్ మూగబోయాయి. తెరమీద మళ్ళీ ఆ పిల్ల. చెయ్యి లేచింది. కళ్ళు కెమెరా వైపు తిరిగాయి.

గొంతక్కకు ఒక్కటే కావాలి. నిజమా, తన భయమా తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి ఆమెకు ఒకటే దారి తెలుసు. పెదవులు కదిలీ కదలనట్టు, ఊపిరితో, గొణిగింది.

"తలుపుకి బయట గడియ పెట్టారు."

అతికింది.

"రేపు నేను నా ఇష్టంతోనే వెళ్ళిపోయానని అందరికీ చెబుతారు."

అతికింది. వెంట్రుక వాసి తేడా లేదు.

"నువ్వు నమ్మకు."

ఆ పిల్ల అక్కడ ఊపిరి పీల్చింది. నేర్పినచోటే. అన్నేళ్ళు గడిచినా, అన్నం లేకపోయినా, నేర్పినచోటే పీల్చింది. ప్రపంచంలో ఆ నోటిని చదవగలిగే మనిషి ఒక్కతే ఉందని ఆ పిల్లకు తెలుసు. ఎవరు గొంతు ఇస్తారో తెలుసు. ఆ చెయ్యి భుజం మీదినుంచి లేవడం కోసం అంకెలు లెక్కపెడుతూ కాచుకుని కూర్చుంది. తనకు వచ్చిన ఒకే ఒక్క డైలాగు అక్కకు పంపింది.

'నా ఇష్టంతోనే' అని గొంతక్క అప్పటికే చెప్పేసింది. తడి పెట్టి మరీ చెప్పింది.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు హెడ్‌ఫోన్స్‌లో ఫ్యాను చప్పుడు వినిపించింది.

ఆమె గదిలో ఫ్యాను లేదు. ఫ్యాను అవతలి గదిలో ఉంది. అది వినపడుతోందంటే ఎవరో బటన్ మీద వేలు పెట్టి ఉంచారని అర్థం.

ఎర్రలైటు ఆరితే మైకు చచ్చిందనుకుంటారు కొత్తవాళ్ళు. లైటు ఆరినా మైకు బతికే ఉంటుంది, లోపల గొణిగినా దగ్గినా అవతలి స్పీకర్లలో పెద్దగా పడుతుంది, నోరు జాగ్రత్త. ఈ పనికి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ ఆ ముక్క చెప్పేది గొంతక్కే.

ఆమె నెమ్మదిగా అద్దం వైపు తిరిగింది. మరిది మిషన్ల మీదికి వంగి ఉన్నాడు, ముఖం కనపడటం లేదు. స్వామి బటన్ మీద వేలు ఉంచి ఆమెనే చూస్తున్నాడు.

"మంచి సీను," అన్నాడు. "ఆ సినిమా నేను చాలాసార్లు చూశానమ్మా."

గొంతక్క చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆ సీను చూసే ఆ అమ్మాయిని తీసుకురమ్మన్నాను. తను వెతుక్కుని వచ్చాననుకుంది, పాపం. ఆ గొంతులో ఏదో ఉందమ్మా. ఆ గొంతుతో పిలిస్తే ఎంతమందైనా వస్తారు అనిపించింది. వచ్చాక నోరు తెరిచింది. అప్పుడు తెలిసింది, నాకు కావలసింది వేరేచోట ఉందని."

"స్వామీ, నేనేదో పాత డైలాగు..."

"విను. ముఖం గుహలోకి వెళ్ళిపోతుంది. ముఖం ముసలిదవుతుంది, జబ్బు పడుతుంది, ఏడుస్తుంది. గొంతు అలా కాదు. ద్వారం మూశాక కూడా ఆవిడ తన భక్తులతో మాట్లాడుతూనే ఉంటుంది. ఏటేటా. లోపలినుంచి." ఆయన మరిది భుజం మీద చెయ్యి వేశాడు. శుభ్రమైన గోళ్ళు. "మీ మరిది అన్నీ సిద్ధం చేశాడు. ఆశ్రమంలో ఇలాంటి గదే కట్టించాం. ఇంతకంటే బాగుంటుంది. నీకక్కడ ఏ లోటూ ఉండదు."

మరిది తల ఎత్తలేదు. ఆ చెయ్యి కింద అతని మెడ కుంచించుకుపోయి ఉంది.

"మా ఆయన ఎదురుచూస్తుంటాడు స్వామీ," అంది గొంతక్క. ఏ మాటా దొరక్క ఆ మాట అంది. మొగుడి పేరు చెప్పుకుని తప్పించుకోవాలని చూడటం జీవితంలో అదే మొదటిసారి.

"అవును, చూస్తాడు," అన్నాడు స్వామి మెత్తగా. "ఇంకో దారి కూడా ఉంది. నేను ఎవరినీ బలవంతం పెట్టను. నువ్వు ఇందాకటినుంచి అంకెలే చూశావు. అంతే కదా? ఆ నాలుగో ముక్క బాగా చెప్పెయ్. ఫోను తీసుకుని ఇంటికి వెళ్ళు."

తెరమీద బొమ్మ ఆగిపోయి ఉంది. హీరోయిన్ నోరు సగం తెరుచుకుని ఉంది. ఇంకో వాక్యం ఉండిపోయింది.

"ఇందాక గొణిగావు చూడు, చివరి ముక్క వదిలేశావు," అన్నాడు స్వామి. "అది నాకు చాలా ఇష్టం."

ఆయన ముందుకు వంగాడు. పెదవులు తన ముందున్న మైకుకు దగ్గరగా తెచ్చాడు. ఆడగొంతు పెట్టలేదు, వెటకారం చెయ్యలేదు. ప్రార్థన చదివినట్టు చదివాడు.

"నా మాట విన్నావా? విన్నానని ఒక్కసారి చెప్పు."

సినిమాలో ఆ మాట తర్వాత పనిమనిషి జవాబు చెప్పదు. భయపడి మెట్లు దిగి వెళ్ళిపోతుంది. జనం ఆ పనిమనిషిని హాల్లోనే తిట్టేవాళ్ళు. గొంతక్క కూడా తిట్టింది.

లేదు స్వామీ, నేనేమీ వినలేదు అంటే చాలు. ఒక్క టేకు. సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. మొగుడు ఎందుకు వెళ్ళావని సణుగుతాడు, ఈమె తిరిగి సణుగుతుంది. తెల్లవారేసరికి ఆ పిల్ల గుహ ముందు రాళ్ళు పేరుస్తారు, పేరుస్తున్నంతసేపూ ఆ పిల్ల గొంతు ఇష్టంతోనే వెళ్తున్నానని బయట చెబుతూ ఉంటుంది. ఎవరూ వెతకరు. వెతకవలసిన అవసరం ఉందని తెలిసిన మనిషి ఒక్కతే ఉంది.

గొంతక్క స్టాండు పట్టుకుని మైకు దగ్గరికి జరిగింది.

"విన్నాను," అంది.

హీరోయిన్ గొంతుతో అనలేదు. కూరలబండివాణ్ణి కేకేసే గొంతు, మొగుడితో పోట్లాడే గొంతు. కాస్త బొంగురు. ఏ హాల్లోనూ ఎవరూ విననిది.

స్వామి బటన్ మీదినుంచి వేలు తీశాడు. ఫ్యాను చప్పుడు తెగిపోయింది. అద్దం అవతల ఆయన పెదవులు కదులుతున్నాయి. ఎవరితోనో ఏదో చెబుతున్నాడు. ఎవరితోనా అని చూసింది.

మిషన్ల ముందు మరిది కుర్చీ ఖాళీగా ఉంది. ఇంకా కొద్దిగా తిరుగుతోంది.

వెనక చప్పుడేమీ కాలేదు. ఆ గదిలో ఏ చప్పుడూ కాదు. ఆమె తల తిప్పి చూసేసరికి తలుపు లోపలి పిడి దానంతటదే కిందికి దిగుతోంది.